బిరడా లేని గేరు పెట్టెకు బిరడా
డాలస్‌లో కొడుకు, పాలకొల్లు దగ్గర తండ్రి: ఫోను మీద జరిగిన మరమ్మతు

(మా విలేకరి)

పాలకొల్లు: “నాన్నా, దీనికి అడుగున బిరడా లేదు.”

నరసాపురం కాలువ గట్టున ఉన్న ఒక ఊళ్లో, తెల్లవారి ఆరు గంటలకు కాఫీ తాగుతున్న ట్రాక్టరు డ్రైవరు గారికి కొడుకు ఫోనులో చెప్పిన మొదటి మాట ఇది. కొడుకు ఉన్నది అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ నగరం దగ్గర. అక్కడ అప్పటికి ముందు రోజు సాయంత్రం ఏడున్నర. కుర్రవాడు ఒక పాత వ్యాను కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

“బిరడా లేకపోతే ఆయిలు ఎలా తీస్తార్రా?” అన్నారు తండ్రి.

ముప్ఫై ఏళ్లకు పైగా ట్రాక్టరు తోలిన మనిషికి ఈ సందేహం రావడం సహజం. మన ట్రాక్టరుకు, లారీకి, ఆటోకు, చివరికి మోటారు సైకిలుకు కూడా అడుగున ఒక నట్టు ఉంటుంది. పానా పెట్టి తిప్పితే పాత ఆయిలు కిందికి దిగిపోతుంది. అంత పెద్ద దేశంలో చేసిన బండికి అది లేకపోవడం ఏమిటి? విచారిస్తే తేలింది ఏమిటంటే, లేకపోవడమే అక్కడ మామూలు. అమెరికా కంపెనీలు దశాబ్దాల పాటు చేసిన ఆటోమేటిక్ గేరు పెట్టెల్లో చాలావాటికి అడుగు పళ్లేనికి బిరడా ఉండదు. జపాను బండ్లలో ఎక్కువ భాగానికి ఉంటుంది.

క్లచ్ లేని బండి

ఆటోమేటిక్ గేరు అన్నది ఇప్పుడు మన జిల్లాలోనూ వినబడుతున్న మాటే కాబట్టి రెండు ముక్కలు చెప్పుకోవాలి. అమెరికాలో ఇది కొత్త సంగతి కాదు. జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్ 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లతో బజారుకు వచ్చింది. క్రైస్లర్ వారి టార్క్‌ఫ్లైట్ 1956లో వచ్చింది. అక్కడ కాలితో క్లచ్ తొక్కకుండా బండి నడిపే డ్రైవర్లే ఎక్కువ.

ఎదురెదురుగా రెండు పంకాలు పెట్టి ఒకదాన్ని తిప్పితే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలికి బదులు ఆయిలు నింపిన మూసిన గుండ్రటి డబ్బాలో ఆ రెండు పంకాలూ ఉన్నాయనుకోండి. ఇంజను ఒకదాన్ని తిప్పుతుంది, ఆయిలు రెండోదాన్ని తిప్పుతుంది. దీన్నే టార్క్ కన్వర్టరు అంటారు. క్లచ్ తొక్కే పని ఇక ఉండదు. వెనకాల గేర్లు మార్చడానికి పెట్టెలో పలుచటి ప్లేట్ల కట్టలుంటాయి. వాటిని బిగించేదీ వదిలేదీ కూడా ఆయిలు ఒత్తిడే.

కనుక మన గేరు పెట్టెలో ఆయిలు పళ్లకు తడి ఇస్తే చాలు గాని, ఆటోమేటిక్‌లో బండిని నడిపేదే ఆయిలు. బలం మోసేది అది, ప్లేట్లు నొక్కేది అది, వేడి తీసేది అది, బేరింగులను కాపాడేది అది. అది పాడైతే ఒక్కొక్కటే దెబ్బ తింటాయి. గేరు పడడానికి ఆలస్యం అవుతుంది, తర్వాత జారుతుంది, చివరికి బండి కదలదు.

మన ఊళ్లలో ఈ మధ్య కొంటున్న చిన్న కార్లలో క్లచ్ లేనివన్నీ ఈ రకం కావు. మారుతి సెలెరియోతో 2014లో వచ్చిన ఏఎంటీ పద్ధతిలో లోపల ఉండేది మామూలు గేరు పెట్టే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది. అందులో ఈ పళ్లెం గొడవ లేదు.

ఒళ్లంతా ఎర్రటి ఆయిలు

గేరు పెట్టె అడుగున రేకుతో నొక్కి చేసిన పళ్లెం ఒకటి ఉంటుంది. చుట్టూ పన్నెండు నుంచి ఇరవై దాకా చిన్న బోల్టులు. లోపల ఒక జల్లెడ, పళ్లెం అడుగున ఒక అయస్కాంతం. బిరడా లేనప్పుడు ఆయిలు తీయాలంటే ఈ బోల్టులే వదులు చేయాలి. ఒక మూల బోల్టులు పూర్తిగా తీసి, ఎదుటి మూలవి సగం వదిలి, పళ్లేన్ని మెల్లిగా వంచాలి. నాలుగు లీటర్ల పైచిలుకు ఆయిలు ఒక్కసారిగా ఏ పక్కకు వస్తుందో చెప్పలేము. బండి నడిపి వచ్చిన వెంటనే విప్పితే చేతులు కాలతాయి.

పళ్లెం ఎలాగూ విప్పాలి, జల్లెడ మార్చాలి కదా, బిరడా ఎందుకు అని వాదించేవారున్నారు. వినడానికి బాగానే ఉంది. కాని జరిగేది వేరు. ఇంత గొడవ ఉన్న పనిని ఎవరూ చేయరు. వచ్చే నెల, వచ్చే ఏడు అంటూ బండి అమ్ముకునేదాకా వాయిదా వేస్తారు. ఆ వాయిదా వేసిన బండే మన కుర్రవాడి చేతికి వచ్చింది.

అతను చదువు ముగించి చిన్న ఉద్యోగంలో చేరిన రోజులవి. ఇంటి దగ్గర చదువు అప్పు ఇంకా తీరలేదు. బస్సులు సరిగా లేని చోట బండి లేకపోతే ఉద్యోగమే లేదు. లక్షా ముప్ఫై వేల మైళ్లు తిరిగిన వ్యాను కొన్నాడు. ఎండాకాలం రాగానే వేడెక్కినప్పుడల్లా గేరు పడడానికి రెండు మూడు సెకన్లు పట్టసాగింది. కొలబద్ద తీసి చూస్తే ఎర్రగా ఉండవలసిన ఆయిలు టీ డికాషను రంగులో ఉంది. పెట్టె విప్పి కొత్త సామాను వేయాలంటే బండి కొన్న ధర కంటే ఎక్కువవుతుందని ఒక షాపులో చెప్పారు. ముందు ఆయిలు మార్చి చూద్దామని మిత్రుడి ఇంటి షెడ్డులో బండి పైకెత్తాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద ఇనప స్టాండ్లు పెట్టాడు. ఇది తండ్రి చిన్నప్పటినుంచి చెబుతూ వచ్చిన మాట.

ఆ రోజు చొక్కా చేతులు, జుట్టు, షెడ్డు నేల అన్నీ ఎర్రబడ్డాయి.

తండ్రి పొరపాటు

“పళ్లెం ఊడదీశావు గదా, ఎలాగూ చేతిలో ఉంది గనక ఒక బెజ్జం వేసి, టాప్ కొట్టించి, బోల్టు పెట్టేయి. వచ్చేసారి ఈ పాట్లు ఉండవు” అన్నారు తండ్రి. తన ట్రాక్టరు గేరు పెట్టె బిరడాకు మరలు అరిగిపోయినప్పుడు పాలకొల్లులో ఒక సైజు పెద్ద టాప్ కొట్టించి పెద్ద బిరడా పెట్టించుకున్న అనుభవం ఆయనది. అది పదేళ్లకు పైగా చుక్క కారలేదు.

కుర్రవాడు అలాగే చేశాడు. 12 మిల్లీమీటర్ల బోల్టు, పళ్లెం మధ్యలో. బిగిసినట్టే అనిపించింది. కొత్త జల్లెడ, కొత్త ప్యాకింగు, కొత్త ఆయిలు వేసి బండి తీశాడు. మూడోనాడు పొద్దున బండి నిలిపిన చోట రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చలు కనబడ్డాయి. కొలబద్ద చూస్తే ఆయిలు అడుగు గీతకు దిగింది. ఆ స్థితిలో పెద్ద రోడ్డెక్కి ఉంటే గేరు పెట్టె ఆ రోజుతో సరి. ఉద్యోగానికి మిత్రుడి బండిలో వెళ్లి, తెల్లవారేదాకా మేలుకుని తండ్రికి ఫోను చేశాడు.

ఈసారి తండ్రి, “వీడియోలో ఆ పళ్లెం అంచు చూపించు” అన్నారు. చూడగానే తల పట్టుకున్నారు.

“నాదే తప్పండి. నేను ట్రాక్టరు లెక్కలో చెప్పేశాను” అని ఆయన ఈ విలేకరితో ఒప్పుకున్నారు. “మనది పోత ఇనుము. వేలెడు మందం ఉంటుంది. టాప్ కొడితే పది మరలు పడతాయి. వాడిది రేకు. పాలచెంబు కంటే కాస్త మందం, అంతే.”

లెక్క కట్టి చూస్తే విషయం తెలుస్తుంది. ఆ పళ్లెం రేకు మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల బోల్టుకు ఒక మర నుంచి ఇంకో మరకు ఎడం కూడా దాదాపు అంతే. అంటే బోల్టు మొత్తం ఒక్క మర మీద వేలాడుతోంది. గట్టిగా బిగిస్తే ఆ ఒక్కటీ తెగుతుంది, వదులుగా ఉంటే కారుతుంది. రేకుకు టాప్ కొట్టకూడదు. రేకుకు మందమైన నట్టునో, మరలున్న ఇనప గుబ్బనో అతికించి, బిరడాను దానిలో బిగించాలి.

ఎక్కడ పెట్టాలి?

ఇక్కడినుంచి తండ్రీ కొడుకులు తొందరపడలేదు. బిరడా అడుగున మధ్యలో ఉంటే కిందికి పొడుచుకు వస్తుంది. రాయో, దారి మీద పడిన టైరు ముక్కో తగిలితే బిరడాతో పాటు పళ్లెమే చిరుగుతుంది. నట్టు లోపలి వైపు అతికిస్తే కిందికి రాదు గాని, లోపల దాని చుట్టూ గట్టు కట్టినట్టయి, ఆ గట్టు ఎత్తున మడ్డి ఆయిలు ఎప్పటికీ దిగదు. మడుగులో తూము ఎత్తుగా కడితే అడుగు నీరు నిలిచిపోయినట్టే.

చివరికి పళ్లెం వెనక గోడకు, వీలైనంత కిందుగా, బయటి వైపు గుబ్బ పెట్టాలని తేల్చారు. వెనక్కి తిరిగి ఉంటే ఎదురు వచ్చేవేవీ తగలవు. పానా తిప్పడానికి చోటు ఉందా, పొగ గొట్టం అడ్డు వస్తుందా అని కుర్రవాడు కింద దూరి చూశాడు.

లోపల ఇంకో చిక్కు ఉంది. బిరడా మొన లోపలికి వచ్చి జల్లెడకు తగిలితే పళ్లెం బిగియదు, లేదా జల్లెడ పక్కకు తొలగి ఆయిలుతో పాటు గాలి పీలుస్తుంది. దీనికి తండ్రి చెప్పిన ఉపాయం అచ్చంగా మనది. “ఆ చోట మెత్తటి మట్టి ముద్ద పెట్టి, పళ్లెం పైకి నాలుగు బోల్టులతో బిగించి, మళ్లీ దింపు. ముద్ద ఎంత నలిగిందో చూడు.” అమెరికాలో మట్టి ముద్ద ఎక్కడ తెస్తాడు? మిత్రుడి పాప ఆడుకునే రంగు మైనం ముద్ద పెట్టాడు. నలిగిన చోట మిగిలిన మందం దాదాపు 20 మిల్లీమీటర్లు. బిరడా మొన దానిలో సగం కూడా రాదు. ముద్దను ఆనవాలు లేకుండా తుడిచేశాడు.

బెజ్జం వేసేటప్పుడు పళ్లెం బండికి ఉండకూడదు. ఊడదీసి, బల్ల మీద బిగించి వేయాలి. కింద పడుకుని బండికున్న పళ్లేనికే బెజ్జం వేయబోయేవారు లేకపోలేదు. ఆ ఇనప రజను లోపలికి పోతే, అందులో ఉన్న సన్నటి ఆయిలు దారులు మూసుకుపోతాయి. బిరడా కోసం గేరు పెట్టెనే పోగొట్టుకున్నట్టు అవుతుంది.

అతుకు, సుద్ద, కిరసనాయిలు

వెల్డింగుకు ముందు అయస్కాంతం తీసి పక్కన పెట్టాలి, వేడికి దాని శక్తి పోతుంది. పళ్లెం మీద ఆయిలు చెమ్మ కూడా లేకుండా కడగాలి. కుర్రవాడు సబ్బు, వేడినీళ్లు వాడాడు. బ్రేకులు శుభ్రం చేసే డబ్బా మందుల్లో క్లోరిన్ కలిసినవి కొన్ని ఉన్నాయి. అవి తడిగా ఉండగా వెల్డింగు మంట తగిలితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. మన షెడ్లలో కూడా ఈ డబ్బాలు వచ్చాయి కనుక వెల్డింగు చేసేవారు ఇది గుర్తుంచుకోవడం మంచిది.

సైలెన్సర్లు అతికే ఒక షాపులో గుబ్బ అతికించి, పాత బెజ్జం మూసి ఇచ్చారు. ఇంటికి తెచ్చి అద్దం పలక మీద బోర్లిస్తే ఒక మూల అంచు కింద కాగితం దూరింది. ఒకే వరస వెల్డింగు వేసేసరికి వేడికి రేకు మెలిక పడింది. ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అక్కడ, మధ్యలో చల్లారనిచ్చి వేస్తే ఇంత కాదు. ఇత్తడి మాటు అయితే వేడి ఇంకా తక్కువ. కుర్రవాడు చెక్క దిమ్మ మీద పెట్టి, చిన్న సుత్తితో తడుతూ, అద్దం మీద చూసుకుంటూ అంచు సరిచేయడానికి ఒక పూట పట్టింది. బోల్టు బెజ్జాల చుట్టూ ఉన్న ఉబ్బులు కూడా అప్పుడే అణిచాడు. పాత బండ్లలో ఆయిలు కారడానికి చాలాసార్లు ఆ ఉబ్బులే కారణం. కారుతోందని ఇంకా బిగిస్తారు, బిగించేకొద్దీ ఇంకా ఉబ్బుతుంది.

అతుకు పరీక్ష కూడా తండ్రి చెప్పిందే. మన దగ్గర నీళ్ల ట్యాంకులు, డీజిల్ ట్యాంకులు అతికేవారు ఎప్పటినుంచో చేస్తున్నది. అతుకు బయటి వైపు సుద్ద పూసి ఆరనివ్వాలి. లోపల కిరసనాయిలు పోసి రాత్రంతా ఉంచాలి. నీరు దూరలేని సన్న బెజ్జంలో కూడా కిరసనాయిలు దూరుతుంది. తెల్లారి చూస్తే తెల్లటి సుద్ద మీద తడి మరక కనబడుతుంది. మూసిన పాత బెజ్జం దగ్గర సూది మొనంత మరక కనబడింది. మళ్లీ షాపుకు వెళ్లి ఒక చుక్క వేయించాడు. రెండో రాత్రి సుద్ద తెల్లగానే ఉంది.

బిరడా కింద రాగి వాషరు వేసి, నలిగేంత మటుకే బిగించాడు. పొడవాటి పానాతో బలమంతా చూపితే కొత్త మరలు కూడా పోతాయి.

బిరడాతో తీరనిది

బిరడా పెట్టారు గనక ఆయిలంతా దిగుతుందని అనుకోరాదు. పళ్లెంలో ఉండేది సగం లోపే. మిగతాది కన్వర్టరు డబ్బాలో, గొట్టాలలో ఉండిపోతుంది. మొత్తం ఎనిమిదిన్నర లీటర్లు పట్టే బండిలో నాలుగు దిగాయనుకుందాం. తీసిన నాలుగూ కొత్తది పోస్తే పాతది ఇంకా 53 శాతం ఉంటుంది. కొద్ది రోజులు తిప్పి మళ్లీ చేస్తే 28 శాతం, మూడోసారి 15 శాతం. రొయ్యల చెరువులో నీరు మార్చేవారికి ఈ లెక్క చెప్పనక్కరలేదు. పళ్లెం విప్పి మూడుసార్లు ఈ పని ఎవరూ చేయరు. బిరడా ఉంటే పది నిమిషాలు. జల్లెడ మార్చాలంటే మాత్రం పళ్లెం దింపవలసిందే, దానికి తప్పించుకునే దారి లేదు. అయినా అప్పటికి పళ్లెం ఖాళీగా దిగుతుంది.

ఆయిలు ఏది పడితే అది పోయరాదు. ఇంజను ఆయిలు, మామూలు గేరు ఆయిలు పనికిరావు. ఆటోమేటిక్ ఆయిళ్లలో కూడా రకాలున్నాయి, బండి పుస్తకంలో రాసిన రకమే వాడాలి. దిగిన ఆయిలును సీసాలతో కొలిచి అంతే పోయాలి. తర్వాత పుస్తకంలో చెప్పిన పద్ధతిలో కొలబద్ద చూడాలి. ఎక్కువ బండ్లలో ఇంజను నడుస్తుండగా, వేడి మీద చూస్తారు. ఎక్కువైతే లోపల నురుగు కడుతుంది. నురుగు ప్లేట్లను నొక్కలేదు.

అయస్కాంతం మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే భయం లేదు, అది అరుగుదల. ఇనప ముక్కలు, పలుకులు కనబడితే లోపల ఏదో విరిగిందన్న మాట. కుర్రవాడి అయస్కాంతం మీద ముద్దే ఉంది.

అంత పని పెట్టుకోవడం ఎందుకు, బిరడా ఉన్న పళ్లేలే విడిగా అమ్ముతారు గదా అని తెలిసినవారు అడగవచ్చు. నిజమే. చాలా మోడళ్లకు దొరుకుతాయి. వెల్డింగు లేకుండా బెజ్జంలో బిగించే బోలు బోల్టు, లోపల నట్టు, వాషర్లతో కూడిన సామాను కూడా దొరుకుతుంది. ఆ కుర్రవాడి లెక్కలో అప్పుడు ప్రతి డాలరుకూ పని ఉంది. ఇంకో సంగతి, పళ్లెం అప్పటికే బెజ్జం పడి ఉంది.

మూడు విడతల ఆయిలు తర్వాత గేరు ఆలస్యం చాలా వరకు తగ్గింది. పూర్తిగా పోలేదు. మండుటెండలో, రద్దీలో ఇప్పటికీ ఒక్కోసారి ఆలోచిస్తుందట. ఆయిలు మారిస్తే అరిగిన ప్లేట్లు మళ్లీ పెరగవు. అయినా అదే బండి మీద అతను ఇంటికి డబ్బు పంపుతున్నాడు.

ఇక్కడి బిరడా సంగతి

తండ్రి ఇంత పట్టుదలగా బిరడా గురించి చెప్పడానికి వెనక ఒక కథ ఉంది. ఏళ్ల కిందట ఆయన ట్రాక్టరు బిరడా నట్టును ఎవరో సరిపడని పానాతో తిప్పి మూలలు గుండ్రం చేశారు. ఇక అది తిరగలేదు. పని రోజులు, మెకానిక్కు దొరకడు, రెండు దమ్ములు అలాగే గడిచిపోయాయి. దమ్ములో ఇనప చక్రాలతో బురదలో తిరిగే ట్రాక్టరుకు సీళ్ల సందుల్లోంచి, గేరు రాడ్డు రబ్బరు పగుళ్లలోంచి గేరు పెట్టెలోకి నీరు దిగుతుంది. ఆయిలు పాలలా తెల్లబడుతుంది. ఆ పాలలోనే తిరిగి తిరిగి బేరింగులు పోయాయి. చాలా ట్రాక్టర్లలో గేరు పెట్టెకు, వెనక ఇరుసుకు, హైడ్రాలిక్కుకు ఆయిలు ఒక్కటే గనక లిఫ్టు కూడా పోయింది. ఆ ఏడాది దమ్ముల మీద వచ్చిందంతా దానికే పెట్టారు.

ఇప్పుడు ఆయన అలవాటు వేరు. దమ్ము ముగిసిన రాత్రి ట్రాక్టరు చదునైన చోట నిలుపుతారు. తెల్లవారుజామున, ఇంజను వేయకముందే, అడుగు బిరడాను రెండు చుట్లు వదులు చేస్తారు. ఆయిలు కంటే నీరు బరువు గనక రాత్రంతా అడుగుకు దిగిన నీరే ముందు వస్తుంది. ఆయిలు రాగానే బిగిస్తారు. అప్పటికే పాలలా కలిసిపోయిన ఆయిలు మాత్రం ఇలా విడిపోదు, దాన్ని మొత్తం మార్చవలసిందే.

క్లచ్ పెట్టె అడుగున ఇంకో బెజ్జం ఉంటుంది. మెట్ట పనుల్లో అది తెరిచి ఉండాలి, సీలు పోయి ఆయిలు కారితే బయటపడడానికి. దమ్ముకు దిగేముందు దానికి బిరడా పెట్టాలి, లేకపోతే బురద నీరు క్లచ్ ప్లేటు మీదికి పోతుంది. దమ్ము అయ్యాక తీసేయాలి. పెట్టడం అందరికీ గుర్తుంటుంది. తీయడమే మరిచిపోతారు.

కిందటిసారి కొడుకు సెలవులకు వస్తూ తండ్రికి మొనన అయస్కాంతం ఉన్న అమెరికా బిరడా ఒకటి తెచ్చాడు. ట్రాక్టరుకు పెట్టి చూస్తే మరలు కలవలేదు, సైజు వేరు. ప్రస్తుతం అది వారింట్లో ఇనప బీరువా తలుపుకు అంటుకుని ఉంది. దాని కింద కరెంటు బిల్లులు పెడుతున్నారు.